దారిలో కలిశాడు

1956 ఫిబ్రవరి 10, గుడివాడ

సెలవు దొరికింది. ఆరు రోజులు. "డ్రాయింగు మాస్టారికి అంత పనేమొచ్చిందయ్యా" అని హెడ్మాస్టరు నవ్వాడు గానీ సంతకం పెట్టాడు.

రేపు తెల్లవారగానే బయలుదేరి పామర్రు మీదుగా బందరు. అక్కణ్ణుంచి సైఫుల్లాతో కలిసి దక్షిణంగా, కృష్ణ సముద్రంలో కలిసేదాకా. బందరులో ఇద్దరం థర్డు ఫారం చదివే రోజుల్లో వేసుకున్న ప్లాను ఇది. అప్పుడు మాకు సైకిళ్ళు లేవు. ఇప్పుడు నాకు హెర్క్యులిస్ ఉంది, వాడికి వాళ్ళ మామగారిచ్చిన ర్యాలీ ఉంది.

వీరలక్ష్మి అటుకులూ బెల్లమూ మూటకట్టింది. "బస్సులుండగా ఈ తొక్కుడేమిటండీ?" అంది.

"బస్సు మనం ఆగమన్నచోట ఆగదు" అన్నాను.

ఫిబ్రవరి 11, బందరు

ఇరవై మూడు మైళ్ళు. పామర్రు దాటాక ఎదురుగాలి. తొడలు లాగేస్తున్నాయి. ఒళ్ళంతా హాయిగా ఉంది.

సైఫుల్లా ఇంటి ముందు టేకు ముక్కలు ఎండబెట్టి ఉన్నాయి. అద్దకం బట్టల మీద వేసే అచ్చులు చెక్కుతాడు వాడు. పెడన నుంచి కూడా వచ్చి వీడి చేతి అచ్చు కావాలని కూర్చుంటారు. ఉలి పట్టుకుంటే గోరంత ఆకులో ఈనెలు కూడా తెప్పిస్తాడు.

సాయంత్రం డచ్చివాళ్ళ సమాధులు చూశాం. నేను బొమ్మ గీసుకుంటుంటే వాడు రాతి మీద వేళ్ళు పెట్టి, ఉలి ఎక్కడ జారిందో, జారిన చోటును చెక్కినవాడు ఎలా కప్పిపుచ్చాడో చూపించాడు. మూడొందల ఏళ్ళ కిందటి తప్పు పట్టుకున్నానని వాడికి ఒకటే సంబరం.

వాళ్ళావిడ ఆబిదా చేపల పులుసు చేసింది. "అన్నయ్యా, ఈయన్ని సముద్రంలో దిగనివ్వకండి, ఈత రాదు" అని నా దగ్గర మాట తీసుకుంది.

ఫిబ్రవరి 12, ఘంటసాల

బౌద్ధుల దిబ్బ. చేటంత ఇటుకలు. నాలుగు బొమ్మలు గీశాను.

ఫిబ్రవరి 13, అవనిగడ్డ

మోపిదేవి దగ్గర నా ట్యూబు పంచరు. పులిగడ్డ అక్విడెక్టు మీద గాలికి తొక్కలేక సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాం. కింద నది, పైన కాలవ. దాన్ని చూస్తూ అరగంట నిలబడ్డాం.

ఎక్కడ ఆగినా పిల్లలు మూగుతున్నారు. సైఫుల్లా సంచిలో అర్ధరూపాయంత చిన్న అచ్చు ఒకటి తెచ్చుకున్నాడు, చిలక. రంగులో అద్ది పిల్లల అరచేతుల మీద వేస్తున్నాడు. వాళ్ళు చేతులు పైకెత్తి పరిగెడుతున్నారు. ఒకచోట మాత్రం ఓ ముసలమ్మ మనవరాలి చెయ్యి చీరచెంగుతో రక్తం వచ్చేలా తుడిచి మమ్మల్ని తిట్టింది.

ఎందుకో టీకొట్టులో తెలిసింది. ఎక్కడో పెద్ద వంతెన కడుతున్నారట. స్తంభానికో పిల్లను బలి వేస్తేగానీ నిలవడం లేదట. సంచులేసుకుని మనుషులు తిరుగుతున్నారట. "జాగ్రత్తండీ, మీకూ సంచులున్నాయి" అన్నాడు టీ కొట్టతను. ముగ్గురం నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 17, బందరు

వాడు బతికే ఉన్నాడు. కుడిచెయ్యి ఇక పనికిరాదన్నారు.

ఫిబ్రవరి 19, బందరు

పోలీసులకు చెప్పినట్టే ఇక్కడా రాస్తున్నాను. రెండూ ఒకేలా ఉండాలి.

14వ తేదీ ఉదయం హంసలదీవి గుడి చూసి, పాలకాయతిప్ప దాకా ఇసుకలో సైకిళ్ళు మోసుకుంటూ వెళ్ళాం. నది నీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసేచోట గీత కనపడుతుందన్నారు. మాకు కనపడలేదు. సైఫుల్లా ఇటొక పుక్కిలి, అటొక పుక్కిలి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "రెండూ ఉప్పేరా సాంబా" అన్నాడు.

తిరుగుదారిలో మధ్యాహ్నం ఒక కాలవగట్టు ఊళ్ళో మంచినీళ్ళకు ఆగాం. ఆ ఊరి పేరు రాయను. నేను చేద తీసుకుని బావి దగ్గరికి వెళ్ళాను. వాడు గట్టు మీద పిల్లలకు చిలకలు వేస్తున్నాడు. గడ్డిమోపుతో వస్తున్న ఒకామె అది చూసి మోపు కింద పడేసింది. "ముద్రలేస్తున్నాడమ్మో! పిల్లలకి ముద్రలేస్తున్నాడు!" అని అరిచింది. గడ్డివాము వేస్తున్న మగవాళ్ళు పంగలకర్రలతో దిగి వచ్చారు. ఇరవై మంది ఉంటారు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. వాడు సైకిలు మీద బోర్లా పడ్డాడు. బెల్లు మోగింది. లేవబోతే పంగలకర్ర మెడ మీద పెట్టి నేలకు అదిమారు. డొక్కలో తన్నారు. ఒకడు సైకిలు పంపు ఊడదీసి దాంతో నోటి మీద కొట్టాడు. పళ్ళు ఊడి ఇసుకలో పడటం నేను చూశాను. పున్నయ్య అనేవాడు, పేరు తరవాత తెలిసింది, ఎవరింట్లోంచో రోకలి తెచ్చాడు. "ఏ చేత్తో వేశావురా ముద్ర?" అన్నాడు. సైఫుల్లా సమాధానం చెప్పే స్థితిలో లేడు. పిల్లల్లో ఎవరో కుడిచెయ్యి చూపించారు. ఇద్దరు ఆ చెయ్యి చాపి తూము రాయి మీద పెట్టారు. "వంతెనకి ఎంతమందిని ఒప్పుకున్నావురా?" అంటూ పున్నయ్య రోకలి ఎత్తాడు. అయిదు దెబ్బలు. మూడో దెబ్బకు అరుపు ఆగిపోయింది. మిగతా రెండూ ఊరికే వేశాడు.

నన్ను నలుగురు పట్టుకున్నారు. ఎంత గింజుకున్నా వదల్లేదు. చివరికి విడిపించుకుని గ్రామ మునసబు ఇంటికి పరిగెత్తాను, మైలున్నర. ఆయన పిచ్చేశ్వరరావు గారు బండి కట్టించుకుని వచ్చి ఆపాడు.

ఇదీ జరిగింది.

ఫిబ్రవరి 22

సైఫుల్లా ఇవాళ మాట్లాడాడు. పళ్ళు లేక మాట సరిగా రావడం లేదు. "నువ్వు మునసబును తీసుకురాకపోతే చచ్చేవాణ్ణిరా" అన్నాడు.

ఆబిదా నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఫిబ్రవరి 28, గుడివాడ

మళ్ళీ స్కూల్లో చేరాను. క్లాసులో బెత్తం విరిగింది.

మార్చి 4

వీరలక్ష్మిని కొట్టాను. పెళ్ళయిన ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.

ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను టూరులో వేసుకున్న ఖద్దరు చొక్కా తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "నలుగురు పట్టుకున్నారన్నారు కదండీ. ఒక్క గుండీ కూడా తెగలేదే" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగా ఆశ్చర్యపడే అంది.

చెంప మీద కొట్టాను. గోడకు తగిలి పెదవి చిట్లింది. మళ్ళీ చెయ్యెత్తాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నన్నే చూస్తోంది. "చెప్పండి, ఏం జరిగింది?" అంది. నేను బయటికి వచ్చేశాను.

మార్చి 5

నన్ను ఎవరూ పట్టుకోలేదు.

నేను చేద చేత్తో పట్టుకుని బావి దగ్గర నిలబడి ఉన్నాను. ముప్ఫై గజాల దూరం ఉంటుంది. పున్నయ్య నా దగ్గరికి వచ్చాడు. "మీరెవరండీ?" అన్నాడు. నా పేరు చెప్పి, గుడివాడలో స్కూలు మాస్టర్నని చెప్పాను. మా అమ్మ పుట్టిల్లు కోడూరని చెప్పాను. అడక్కుండానే మా మేనమామ పేరు చెప్పాను. "ఓహో, వారి మేనల్లుడుగారా" అని చేతులు జోడించాడు. తరవాత గట్టు వైపు చూపించి "వాడు మీతో వచ్చాడా?" అని అడిగాడు.

"దారిలో కలిశాడండీ" అన్నాను.

అప్పటికే కొడుతున్నారు. నేనేమని ఉన్నా జరిగేది అదే.

సైఫుల్లాకు ఇది వినపడలేదు. వాడు మధ్యలో రెండుసార్లు "సాంబా, సాంబా" అని పిలిచాడు. "మాస్టారి పేరు కూడా కనుక్కున్నాడ్రా దొంగ" అన్నారు ఎవరో.

చెయ్యి రాయి మీద పెట్టాకే నేను మునసబు కోసం వెళ్ళాను. పరిగెత్తలేదు. గట్టు మలుపు తిరిగాక పరిగెత్తాను.

మార్చి 12

అప్పటికే కొడుతున్నారు. పున్నయ్య అడిగేటప్పటికే వాడు కింద పడి ఉన్నాడు.

మార్చి 25, బందరు

కట్టు విప్పారు. చెయ్యి చూశాను. బొటనవేలు తప్ప మిగతావి ఎటు తిరగాలో అటు తిరగడం లేదు. సైఫుల్లా ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో వస్తువు కాపలా కాస్తున్నవాడిలా కూర్చున్నాడు.

"కోర్టులో ఇది మేజిస్ట్రేటుకు చూపిస్తానురా. బల్ల మీద పెట్టి చూపిస్తాను. ఇంకేం అక్కర్లేదు నాకు. ఒక్కసారి పైనున్నవాళ్ళు చూసి, ఇది తప్పని కాగితం మీద రాయాలి."

"మీరు సాక్ష్యం చెప్తే చాలన్నయ్యా" అంది ఆబిదా. ఆ గట్టు మీద చూసిన మిగతావాళ్ళంతా ఆ ఊరివాళ్ళే.

"పున్నయ్యను ఏం చేశారు?" అని అడిగాను. జామీను మీద వదిలేశారట. ఇంట్లోనే ఉన్నాడట. మినుము పీకిస్తున్నాడట.

ఏప్రిల్ 7

రేపు ఆదివారం. సైకిలు మీద వెళ్తాను. ఒక్కణ్ణే. సంచిలో పెద్ద పానా పెట్టాను, వెనక చక్రం నట్లు విప్పేది.

సైఫుల్లా కోసమే వెళ్తున్నాను.

ఏప్రిల్ 16, గుడివాడ

మొన్న జామీను మీద వదిలారు. ఎడమ కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

ఆ ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి ఎక్కడా ఆగకుండా తొక్కాను. పులిగడ్డ దగ్గర కూడా దిగలేదు. పున్నయ్య ఇల్లు ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అరుగు మీద కూర్చుని పగ్గం పేనుకుంటున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పారిపోతాడనుకున్నాను. తుండు దులిపి మంచం వాల్చాడు.

"రండి మాస్టారూ, రండి. ఏమే రమణా, మజ్జిగ పట్రా. ఎండలో పడి ఎంత దూరం వచ్చారండీ!"

నేను కూర్చోలేదు. సంచిలో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

"ఆ రోజు మీకు ఇబ్బంది కలిగిందండీ. మనసులో పెట్టుకోకండి. పోలీసులు మీ చేత ఏదో చెప్పించారంట, అది మామూలే. మీరు మంచివారు కాబట్టి అప్పుడు ఉన్నమాట చెప్పారు. దారిలో కలిశాడని మీరు అనబట్టి గానీ, మీ స్నేహితుడని ఉంటే చెయ్యేసేవాళ్ళమా? మాస్టారితో వచ్చిన మనిషిని ముట్టుకుంటామా అండీ? అందుకే కదా ముందు మీ దగ్గరికొచ్చి అడిగింది."

ముందు.

అవును. అప్పటికి ఎవరూ కొట్టలేదు. చుట్టూ మూగి నిలబడి ఉన్నారంతే. సైఫుల్లా అచ్చు చూపించి ఏదో చెబుతున్నాడు, నవ్వుతున్నాడు కూడా. పున్నయ్య నా దగ్గరి నుంచి వెనక్కి నడిచి వెళ్ళి, తల అడ్డంగా ఊపాడు. అప్పుడు పడింది మొదటి దెబ్బ.

పున్నయ్య ఇంకా మాట్లాడుతున్నాడు. "మా రెండో పిల్ల కిందటేడు కాలవలో పడిందండీ. మూడు రోజులు వలేయించాం. గాజుముక్క కూడా దొరకలా. కాలవలో పడలేదు, వంతెన వాళ్ళు పట్టుకుపోయారని మా ఆడది ఇప్పటికీ..."

రమణమ్మ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. నేను పానా తీసి కొట్టాను.

మొదటిది చెవి మీద పడింది. చెవి సగం ఊడి వేలాడింది. పున్నయ్య "ఏంటండీ?" అన్నాడు, చాలా మర్యాదగా. రెండోది మెడకింద ఎముక మీద. ఎముక విరిగిన చప్పుడు నా చేతికి తెలిసింది. కింద పడ్డాక ఇంకో రెండు కొట్టాను, ఎక్కడ తగిలాయో తెలియదు. రమణమ్మ నా మీద పడి నా ముంజెయ్యి కొరికింది. ఆవిణ్ణి కూడా తోసేశాను. వాణ్ణి చంపాలని కాదు. వాడు ఆ మాట మళ్ళీ అనకుండా ఉండాలి. వాడి నోరు మూతపడాలి. సైఫుల్లా కోసం కొట్టానని ఠాణాలో చెప్పాను. ఇక్కడ అలా రాయలేను.

తరవాత ఊరు ఊరంతా వచ్చింది. నన్ను బండి చక్రానికి కట్టేసి కొట్టారు. పైన రెండు పళ్ళు పోయాయి. డొక్కలో ఎముక విరిగిందేమో, ఊపిరి పీలిస్తే పొడుస్తోంది. వాళ్ళు కొడుతున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం. ఇంకా కొట్టమన్నాను. పిచ్చివాడనుకుని ఆపేశారు.

ఏప్రిల్ 17

స్కూలు నుంచి కాగితం వచ్చింది. కేసు తేలేదాకా రావద్దన్నారు.

వీరలక్ష్మికి అంతా చెప్పాను. ఆ మాట, ఆ మాట ఎప్పుడన్నానో అదీ. పసుపు నూరి నా కంటికి పట్టువేస్తూ వింది. "అది నాకు కాదు, ఆయనకు చెప్పాలి" అంది.

ఏప్రిల్ 29

మునసబు పిచ్చేశ్వరరావు గారు గుడివాడ వచ్చాడు. పెద్దమనిషి. ముందు మా ఆవిడను పలకరించి, కాఫీ తాగి, అప్పుడు విషయానికి వచ్చాడు.

"పున్నయ్యకు ఒక చెవి పోయింది మాస్టారూ. భుజం ఎత్తలేడు. మీరు పానా సంచిలో పెట్టుకుని నలభై మైళ్ళు వచ్చి, మంచం వాల్చినవాణ్ణి కొట్టారు. ఊరంతా సాక్ష్యం. జైలు తప్పదు. ఆ తురకాయన కేసులో మాత్రం సాక్షి మీరొక్కరే. ఇంత చేసినవారి మాట ఇప్పుడు కోర్టు నమ్ముతుందా? అదీ నిలవదు. రెండువైపులా రాజీ రాసుకుంటే మీ ఉద్యోగం మీకుంటుంది, పున్నయ్య పొలం పున్నయ్య చేసుకుంటాడు."

"సైఫుల్లా ఒప్పుకోవాలి కదండీ."

"మీరడిగితే కాదంటాడా?"

ఆయన వెళ్ళాక వీరలక్ష్మి ఒకే మాట అంది. "అడక్కండి."

మే 3

అడగను.

మే 6, బందరు

మునసబు రాయించి పంపిన రాజీ కాగితం తీసుకుని వెళ్ళాను. రాజీ సంగతి చెప్పి, ఆ తరవాత దాన్ని వాడి ఎదురుగానే చించేద్దామనుకున్నాను. దారి పొడుగునా అలాగే అనుకున్నాను.

ఇంటి ముందు టేకు ముక్కలు లేవు. అమ్మేశారట. ఆబిదా ఎవరివో బట్టలు కుడుతోంది. సైఫుల్లా కాగితం ఎడమచేత్తో పట్టుకుని మొత్తం చదివాడు, రెండుసార్లు.

"అంటే నేను కోర్టుకు వెళ్ళేది లేదన్నమాట" అన్నాడు.

"వీల్లేదు" అంది ఆబిదా. "అన్నయ్యా, మీరే ఇది తెచ్చారా? ఆయన రోజూ లెక్కపెట్టుకుంటున్నారు, కోర్టుకు ఇన్ని రోజులుందని."

"నువ్వుండవే" అన్నాడు వాడు. "వీడు ఎవరి కోసం కొట్టాడు? నా కోసమే కదా. వీణ్ణి జైలుకు పంపి నేను చెయ్యి చూపించుకుంటూ తిరగనా? వీడికి ఉద్యోగం తప్ప ఏముంది? సాంబా, నువ్వు బాధపడకు. ఆ సిరా డబ్బా ఇటు తే."

నేను తెచ్చాను. డబ్బా మూత తీశాను కూడా. వాడు ఎడమ బొటనవేలు ముందుకు చాపాడు. అప్పుడు నా వల్ల కాలేదు.

"ఆ రోజు పున్నయ్య నన్ను అడిగాడు, నువ్వు నాతో వచ్చావా అని" అన్నాను. "దారిలో కలిశాడని చెప్పాను."

వాడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఏమన్నావు?"

"దారిలో కలిశాడండీ, అన్నాను."

"అప్పటికి నన్ను కొట్టడం మొదలైందా?"

మొదలైందని చెప్పచ్చు. వాడికి ఎప్పటికీ తెలిసేది కాదు. వాడు కూడా ఆ మాటే కోరుకుంటున్నట్టు నా మొహంలోకి చూశాడు.

"లేదు" అన్నాను.

ఆబిదా కుట్టు మిషను ఆగిపోయింది. సైఫుల్లా కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తరవాత బొటనవేలు సిరాలో అద్ది, చూపించిన చోట పెట్టి, అదిమిపెట్టి, తీశాడు. తొందరపడలేదు. వేలి గీతలన్నీ చక్కగా పడ్డాయి.

"తీసుకుపో. నువ్వు జైల్లో ఉంటే నేను నీ గురించి ఆలోచించాల్సి వస్తుంది. నాకు ఇష్టం లేదు."

ఇంకేదో అనబోయాను. వాడు గోడ వైపు తిరిగాడు.

ఆబిదా లేచి తలుపు తీసి పట్టుకుంది. "వెళ్ళిరండి మాస్టారూ" అంది. ఇన్నేళ్ళలో నన్ను మాస్టారనడం ఇదే మొదటిసారి.

మే 8

చించలేదు.

మే 11

రాజీ కాగితం కోర్టులో దాఖలైంది.

దాఖలు చేశాను. నేనే వెళ్ళి నా చేత్తో ఇచ్చాను.